‘కాలం’ అడిగితే ‘కూలీ’ వచ్చింది: మా ఊరి గ్రంథాలయానికి సెర్చ్ పేజీ, పని డైరీ

మొదటి శనివారం

తెనాలి దగ్గర మా ఊళ్లో ఒక చిన్న గ్రంథాలయం ఉంది. పదకొండు బీరువాలు, రెండు బల్లలు, ఒక గోడ గడియారం. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు దాన్ని చూసుకుంటున్నారు. ఎవరైనా వచ్చి ఫలానా పుస్తకం ఉందా అంటే ఆయన కళ్లు మూసుకుని, కాసేపాగి, “నాలుగో బీరువా, రెండో అర” అంటారు. ఆయన ఊళ్లో లేని రోజున గ్రంథాలయం తెరిచి ఉన్నా మూసినట్టే లెక్క. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఆయనే అడిగారు, “అమ్మాయ్, నా బుర్రలో ఉన్నది కంప్యూటర్లో పెట్టగలవా?” అని.

పెట్టగలను అన్నాను. రెండు రోజుల పని అనుకున్నాను. ఉద్యోగంలో రోజూ చేసేది అదే కదా: డేటాబేసులోంచి తియ్యడం, పేజీలో చూపించడం. ఐదు వారాంతాలు పట్టింది.

యాక్సెషన్ రిజిస్టరులో, అంటే వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస నంబరు వేసి రాసుకునే పుస్తకంలో, 6,412 పద్దులు తేలాయి. సగం దాకా ఎప్పుడో ఒక డీటీపీ సెంటర్లో ఎక్సెల్‌లోకి ఎక్కించారు. ఆ ఫైలు తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. యూనికోడ్‌కి ముందు నాటి ఫాంటు అది (యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ, ప్రతి గుర్తుకీ ఒక నంబరిచ్చే పద్ధతి). ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవారు, ఫాంటు తీసేస్తే అడుగునున్న ఇంగ్లీషు బయటపడుతుంది. కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు దారికొచ్చింది గానీ వత్తులు కొన్ని తారుమారయ్యాయి. మిగతా సగం ఇద్దరు డిగ్రీ పిల్లలు ఫోన్లలో టైపు చేసి ఇచ్చారు. ఆ రెండు సగాలకీ తేడా ఎంతుందో అప్పుడు తెలియలేదు.

కాలమ్స్ ఐదే: యాక్సెషన్ నంబరు, పుస్తకం పేరు, రచయిత, అచ్చైన సంవత్సరం, బీరువా. కొన్ని పద్దుల పక్కన ఎవరో పెన్సిలుతో 894.827 అని రాసి పెట్టారు. పుస్తకాలను విషయం వారీగా అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు అది. తెలుగు ఊరి గ్రంథాలయంలో మూడొంతుల పుస్తకాలకు అదే నంబరు వస్తుంది కాబట్టి రాసినాయన విసిగి మానేసి ఉంటాడు. నేనూ వదిలేశాను.

ఆదివారం

ప్రోగ్రాము రాయడానికి పైథాన్, పేజీ నడపడానికి ఫ్లాస్క్, డేటా దాచడానికి ఎస్‌క్యూలైట్. గ్రంథాలయంలో ఉన్నది ఎవరో దానమిచ్చిన పాత లాప్‌టాప్. దాని మీద వేరే డేటాబేస్ సర్వర్ నడపడం దండగ. ఎస్‌క్యూలైట్ అయితే మొత్తం ఒక్క ఫైలు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోవచ్చు.

మధ్యాహ్నానికల్లా పేజీ లేచింది. ఒక పెట్టె, ఒక బటన్, కింద ఒక టేబుల్. పెట్టెలో రాసిన మాటకు ముందూ వెనకా పర్సెంట్ గుర్తు తగిలించి లైక్ క్వెరీ, అంటే ఆ అక్షరాలు కాలమ్‌లో ఎక్కడున్నా తెమ్మని డేటాబేసును అడగడం. ఫారం నుంచి వచ్చిన మాటను క్వెరీలో నేరుగా అతికించకుండా ప్రశ్నార్థకం పెట్టి విడిగా పంపడం అలవాటే గానీ, తొందరలో మొదటిసారి అతికించేశాను. పేరులో అపాస్ట్రఫీ ఉన్న ఒక ఇంగ్లీషు పిల్లల పుస్తకం కోసం వెతకగానే పేజీ కూలింది. పొరపాటున కూలింది కాబట్టి సరిపోయింది. కావాలని రాసేవాడైతే ఆ సందులోంచి డేటాబేసులో ఉన్న దేన్నయినా బయటికి లాగేస్తాడు. ఐదు నిమిషాల్లో సరిచేశాను.

‘చలం’ కొడితే చలం పుస్తకాలు వచ్చాయి. ‘రామ’ కొడితే నాలుగు వందల పైన వచ్చాయి, రామాయణాలూ, రామారావులూ, రామకృష్ణలూ కలిసి. ‘చలం కథలు’ అని రెండు మాటలు కొడితే సున్నా. లైక్‌కి ఆ రెండు మాటలూ అదే వరుసలో, ఒకే కాలమ్‌లో, పక్కపక్కనే ఉండాలి. చలం రచయిత కాలమ్‌లో ఉన్నాడు, కథలు పేరు కాలమ్‌లో ఉన్నాయి.

అందుకని ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌కి వెళ్లాలి, అంటే పేర్లను ముందే మాటలుగా విడగొట్టి ఇండెక్స్ చేసి, దాంట్లో వెతకడం. ఎస్‌క్యూలైట్‌లో దానికి ఎఫ్‌టీఎస్5 ఉంది.

బుధవారం రాత్రి, హైదరాబాదు

ఈ రాత్రి నిద్ర పోయింది. ఎలా పోయిందో వివరంగా రాసుకోవాలి.

ఎఫ్‌టీఎస్5 టేబుల్ చేసి, 6,412 వరుసలూ దాంట్లో పోసి, పరీక్షకని ‘కాలం’ అని వెతికాను. కాలం ఉన్న పుస్తకాలు వచ్చాయి. వాటితో పాటు కూలీల మీద పుస్తకం వచ్చింది. కీలుబొమ్మల మీద ఒకటి వచ్చింది. కైలాసం వచ్చింది. డేటా తప్పేమోనని ఆ వరుసలు తెరిచి చూశాను. ఎక్కడా ‘కాలం’ లేదు.

తర్వాత ‘కల’ అని వెతికాను. ఈసారి కూలీ రాలేదు.

కాసేపు తెల్లమొహం వేసుకుని కూర్చున్నాక టోకెనైజర్ ఎలా కోస్తోందో బయటికి తీసి చూశాను. ఎఫ్‌టీఎస్5 తనంతట తాను వాడేది యూనికోడ్61 అనే టోకెనైజర్. వాక్యాన్ని మాటలుగా కోసేది అదే. దాని దృష్టిలో మాటలో భాగమయ్యేవి యూనికోడ్ వాళ్లు ‘అక్షరం’ అనీ ‘అంకె’ అనీ ముద్ర వేసినవే. ఇంగ్లీషుకి అది చాలు. తెలుగులో హల్లులకీ అచ్చులకీ ‘అక్షరం’ ముద్ర ఉంది గానీ, గుణింతపు గుర్తులకు లేదు. దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, పొల్లు, సున్న, వీటన్నిటికీ ‘మార్క్’ అనే వేరే ముద్ర. టోకెనైజర్‌కి అవి కామాతోనూ ఖాళీతోనూ సమానం, కనపడ్డ చోటల్లా మాటను తెంపేస్తుంది.

అంటే ‘కాలం’ దాని కళ్లకు ‘క’, తర్వాత దీర్ఘం దగ్గర తెగి ‘ల’, తర్వాత సున్న దగ్గర ఇంకోసారి తెగి ఖాళీ. ఇండెక్సులోకి ‘క’, ‘ల’ అనే రెండు మాటలు ఎక్కాయి. ‘కూలీ’ కూడా ‘క’, ‘ల’. ‘కీలు’ కూడా అంతే. ‘కైలాసం’ అయితే ‘క’, ‘ల’, ‘స’. నేను కాలం అడిగితే అది “క పక్కన ల ఉన్నవన్నీ” తెచ్చిపెట్టింది. దాని లెక్కలో అది చెప్పిన మాట విన్నట్టే. ‘కల’ మాత్రం మధ్యలో గుర్తేమీ లేదు కాబట్టి ఒకే ముక్కగా ఉంది, అందుకే కూలీ రాలేదు.

గుణింతాలన్నీ తుడిచేసి, మిగిలిన హల్లులతో తెలుగు వెతకడమన్నమాట. మాస్టారికి చెబితే గుండె ఆగిపోతుంది.

మందు ఒక్క లైనే. టేబుల్ చేసేటప్పుడు టోకెనైజర్‌కి ‘కేటగిరీస్’ అని ఒక ఆప్షన్ ఇవ్వచ్చు. ఎప్పుడూ ఉండే రకాలకు తోడు ఎంఎన్, ఎంసీ అనే రెండు మార్కు రకాలనూ మాటలో భాగంగా తీసుకోమని చెప్పాలి. మన గుర్తుల్లో కొన్ని మొదటి దాంట్లో, కొన్ని రెండో దాంట్లో ఉన్నాయి. దీర్ఘం, గుడి, పొల్లు ఒక దాంట్లో, కొమ్ము, సున్న ఇంకో దాంట్లో. రెండూ ఇవ్వాలి. ఒకటే ఇస్తే సగం మాటలు బాగుపడి సగం తెగి, ఇంకా అయోమయంగా ఉంటుంది. మొదట నేను ఇచ్చింది ఒకటే, అందుకే ఒంటిగంట దాటింది.

ఇంకో సంగతి. ఫలితాలు పొంతన ఉన్నవి పైకి రావాలని ర్యాంకును పెద్ద నుంచి చిన్నకు పేర్చాను. అన్నిటికంటే పనికిరానిది మొదట వచ్చింది. ఎఫ్‌టీఎస్5లో ర్యాంకు రుణ సంఖ్య, ఎంత తక్కువైతే అంత మంచిది. పుస్తకం పేరుకి పది పాళ్లు, రచయితకు ఐదు పాళ్లు బరువిచ్చి తిరగేశాను.

రెండో శనివారం

మాస్టారి ముందు కూర్చుని పరీక్ష. ఆయన చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ ‘కథ’ అని కొట్టారు. మూడు పుస్తకాలొచ్చాయి.

“మన దగ్గర కథల పుస్తకాలు మూడేనా?”

‘కథలు’ అనేది వేరే మాట, ‘కథ’ వేరే మాట దానికి. ‘కథానిక’ ఇంకో మాట. ప్రిఫిక్స్ సెర్చ్ పెట్టాను, అంటే మాట చివర నక్షత్రం గుర్తు తగిలించి, కథతో మొదలయ్యేవన్నీ తెమ్మనడం. ఈసారి కథలూ కథానికలూ వచ్చాయి. ఆయన ‘పుస్తకం’ కొట్టారు. ‘పుస్తకాలు’ రాలేదు. బహువచనంలో సున్న పోతుంది కదా! పాత పుస్తకాల్లోనైతే ‘పుస్తకము’. సరే, వెతికే మాట చివర సున్న గానీ ‘ము’ గానీ ఉంటే కోసేసి, ‘పుస్తక’ అని మిగిలిన దానికి నక్షత్రం పెట్టాను. మూడు రూపాలూ ఒకే వలలో పడ్డాయి.

పక్కన పేపరు చదువుతున్న కుర్రాడొకడు వచ్చి ‘రాము’ అని కొట్టాడు. ము కోసేస్తే మిగిలింది ‘రా’. రాజులూ, రాణులూ, రాళ్లూ, రాత్రులూ అన్నీ వచ్చి కూర్చున్నాయి. కోశాక యూనికోడ్ లెక్కలో కనీసం మూడు గుర్తులు మిగిలితేనే కొయ్యాలని షరతు పెట్టాను. ‘రా’ అంటే ర, దీర్ఘం, రెండే. రాము బతికాడు, చలం కూడా.

తర్వాత మాస్టారు ‘భారతం’ కొట్టారు. ‘మహాభారతం’ రాలేదు. సంధి, సమాసం ఉన్న భాషలో మాట మొదలు పట్టుకుని వెతికితే ఇంతే. దీనికి ఎఫ్‌టీఎస్5లో ట్రైగ్రామ్ టోకెనైజర్ ఉంది, మాటను మూడేసి గుర్తుల ముక్కలుగా ఇండెక్స్ చేస్తుంది, మాట మధ్యలో ఉన్నా దొరుకుతుంది. రెండో టేబుల్ చేసి పెట్టాను. భారతం దొరికింది. కానీ మూడు గుర్తులకు తక్కువైన మాటను అది వెతకలేదు. ‘కథ’ అంటే క, థ, రెండే గుర్తులు. కథ అడిగితే సున్నా చూపించే సెర్చ్‌ను తెలుగు గ్రంథాలయంలో ఎలా పెట్టను?

టీ తాగొచ్చాక ట్రైగ్రామ్ పీకేశాను. ఉన్నవి ఆరువేల చిల్లర వరుసలు. మొదటి ఆదివారం రాసిన లైక్ క్వెరీయే ఈ ముసలి లాప్‌టాప్ మీద కంటి రెప్ప వేసేలోపు మొత్తం తిరిగొస్తోంది. లక్షల వరుసలుంటే ఇండెక్స్ కోసం తాపత్రయపడాలి గానీ, పదకొండు బీరువాలకు ఎందుకు? ముందు ఎఫ్‌టీఎస్5తో ప్రిఫిక్స్ సెర్చ్, అందులో రానివి లైక్‌తో తెచ్చి కింద, ‘మాట మధ్యలో దొరికినవి’ అనే చిన్న శీర్షిక పెట్టి. అంతే.

రెండో ఆదివారం

రెండు సగాల తేడా ఇవాళ బయటపడింది. డీటీపీ సెంటరాయన ‘కధ’ అని రాశాడు. పిల్లలు ‘కథ’ అని రాశారు. విశ్వనాథ ఒక సగంలో విశ్వనాథ, ఇంకో సగంలో విశ్వనాధ. వెతికేవాళ్లూ అంతే, సగం మంది థ, సగం మంది ధ. ఇది తప్పొప్పుల తగువు తీర్చే చోటు కాదు, పుస్తకం దొరకాలి. కాబట్టి ఇండెక్స్ కోసం పేరుకు ఒక ‘మడత’ రూపం తయారు చేశాను: థ ఉన్న చోట ధ, ఱ ఉన్న చోట ర, అరసున్న తీసివేత. గుఱ్ఱం, గుర్రం ఒకటయ్యాయి. అర్థం, అర్ధం కూడా ఒకటైపోయాయి, సగానికీ భావానికీ తేడా పోయింది. గ్రంథాలయంలో దాని వల్ల కొంప మునగదు.

కంటికి కనపడని తేడాలు ఇంకో రెండు. ‘షేక్‌స్పియర్’ అని పిల్లలు కొట్టిన చోట క్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది, స అక్షరం క కింద వత్తుగా చేరకుండా ఆపేది. అది లేకుండా ‘షేక్స్పియర్’ అని కొట్టినవాళ్లకు ఇది దొరకదు, దాంతో కొట్టినవాళ్లకు అది లేనిది దొరకదు. మడతలో దాన్ని తీసేశాను. రెండోది ఐత్వం: యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగానూ రాయచ్చు, ఎత్వం కింద ఇంకో ముక్క తగిలించి రెండు గుర్తులుగానూ రాయచ్చు. తెర మీద రెండూ అచ్చంగా ఒకటే, డేటాబేసుకు వేర్వేరు. కన్వర్టర్ నుంచి వచ్చినవన్నీ రెండు ముక్కలవి. ఇలాంటి ముక్కల్ని ఒకే రూపంలోకి కలిపే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ ఒకసారి అన్నిటి మీదా నడిపాక ఆ తేడా పోయింది. వెతికే మాటకు కూడా ఇదే మడత వెయ్యాలి. ఒక వైపే వేస్తే వెయ్యకముందు కంటే అన్యాయం.

సాయంత్రం మాస్టారు వచ్చి పేజీ చూశారు. దొరికిన మాట బోల్డ్‌లో కనపడేలా ఎఫ్‌టీఎస్5 హైలైట్ ఫంక్షన్ వాడాను. అది చూపించేది ఇండెక్సులో ఉన్న రూపాన్నే, అంటే నా మడత రూపాన్ని. తెర నిండా ‘కధలు’, ‘కధలు’, ‘గ్రంధాలయం’.

“ఎవరమ్మా రాసింది?”

“నేనే మాస్టారూ. అంటే, ప్రోగ్రాము.”

“ముప్ఫై మూడేళ్లు పిల్లల నోట్సుల్లో ఎర్ర ఇంకుతో కొట్టేశాను దీన్ని. ఇప్పుడు గ్రంథాలయం గోడ మీద నువ్వే పెడతావా?”

ఆ రాత్రే తీసేశాను. పేజీలో చూపించేది ఎప్పుడూ అసలు పేరే. ఆ పేరును మాటలుగా విడగొట్టి, ఒక్కొక్క మాటకూ అక్కడికక్కడ మడత వేసి చూసి, వెతికినది అందులో ఉంటే ఆ అసలు మాట మొత్తం బోల్డ్ చేశాను. దీని వల్ల ఇంకో బాధ కూడా పోయింది. అంతకుముందు మాట మధ్యలో దొరికిన ముక్క వరకే బోల్డ్ చేసినప్పుడు, ‘పుస్తకాలు’లో క బోల్డ్‌లో ఆగిపోయి, దీర్ఘం బోల్డ్ బయట ఒంటరిగా చుక్కల వలయం మీద వేలాడేది. ఇంగ్లీషులో మాటను ఎక్కడైనా కోసి రంగెయ్యచ్చు, తెలుగులో అక్షరాన్ని నిలువునా చీల్చినట్టవుతుంది. పైగా బోల్డ్ ట్యాగును టెంప్లేటే పెడుతోంది కాబట్టి, డేటాలోంచి వచ్చేదాన్ని నమ్మి వదిలెయ్యమని, ఫ్లాస్క్‌లో టెంప్లేట్లను పేజీలుగా మార్చే జింజాకు చెప్పాల్సిన పని తప్పింది.

కధ అని రాసిన వరుసలు మాస్టారే కూర్చుని దిద్దుతున్నారు. రోజుకు ఒక బీరువా.

మూడో వారాంతం

రచయితల పేర్లు. ఇది ప్రోగ్రాముతో తీరేది కాదు, మనుషులు కూర్చోవాలి.

‘కొ.కు.’ అని కొడితే పేజీ కూలింది. చుక్క ఎఫ్‌టీఎస్5 క్వెరీ భాషలో వ్యాకరణ దోషం. చుక్కలన్నీ తీసేసి, ప్రతి మాటకూ కొటేషన్లు వేసి పంపాను. కూలడం ఆగింది, కానీ కొకు అనే రచయిత లేడు, రిజిస్టరులో ఉన్నది కొడవటిగంటి కుటుంబరావు. రావిశాస్త్రి ఒక చోట రావిశాస్త్రి, ఒక చోట రాచకొండ విశ్వనాథశాస్త్రి. శ్రీశ్రీ ఒక చోట శ్రీరంగం శ్రీనివాసరావు. చాసో, చాగంటి సోమయాజులు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి అని రిజిస్టరు రాసినాయనకు ఎందుకు గుర్తొచ్చిందో గానీ, రెండు పుస్తకాల దగ్గర అలాగే రాశారు.

ఇంకో టేబుల్: ఒక రచయితకు ఒక నంబరు, ఆ నంబరుకు ఎన్ని పేర్లుంటే అన్ని వరుసలు. ఏ పేరుతో వెతికినా ఆ రచయిత పుస్తకాలన్నీ వస్తాయి. మాస్టారు చెబుతుంటే నేను టైపు చేశాను. ఒక మధ్యాహ్నంలో రెండు వందల పైచిలుకు పేర్లు. ఆయనకు ఒక్క కాగితం అవసరం కాలేదు.

నాలుగో వారాంతం

ఫలితాల పేజీ. లైబ్రరీ వెబ్‌సైట్లు చూసి నేర్చుకున్న అలవాటుతో యాక్సెషన్ నంబరు మొదట, తర్వాత పేరు, రచయిత, సంవత్సరం, చివర బీరువా పెట్టాను. ఫోన్లో చూస్తే బీరువా కాలమ్ తెర అవతల ఎక్కడో ఉంది, వేలితో పక్కకు జరపాలి. మాస్టారు జరపలేదు. “అంతా బాగుంది. పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పలేదేం?” అన్నారు.

టేబుల్ తీసేశాను. ఒక్కో పుస్తకానికి ఒక్కో పెట్టె. ఎడమ పక్కన బీరువా నంబరు ఇంత పెద్ద అంకె. కుడి పక్కన పేరు, దాని కింద రచయిత. మిగతావన్నీ బూడిద రంగులో చిన్నగా. పేజీకి ఇరవై. ఒక్కటీ దొరక్కపోతే ‘ఫలితాలు లేవు’ అని ఊరుకోకుండా, మొదటి రెండు అక్షరాలు కలిసిన రచయితల పేర్లు ఐదు చూపిస్తుంది.

అక్షర క్రమం అడిగితే మాస్టారు ఇంకో తప్పు పట్టారు. ‘కళ’ ‘కవి’ కంటే ముందొస్తోంది. వర్ణమాలలో ళ ఎక్కడో హ తర్వాత కదా. యూనికోడ్‌లో మాత్రం ళ ల పక్కనే, వ కంటే ముందు ఉంది. భారతీయ లిపులన్నిటికీ కలిపి చేసిన పాత ఇస్కీ వరుసలో అన్ని భాషల అక్షరాలనూ ఒకే గళ్లలో కూర్చోబెట్టారు, యూనికోడ్ దాన్నే తీసుకుంది. అదృష్టవశాత్తు తెలుగు పట్టికలో హ తర్వాత రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. క్రమం కోసం విడిగా ఉంచిన కాలమ్‌లో ళను మొదటి ఖాళీలోకి, ఱను రెండో దాంట్లోకి మార్చాను. ఎవరికీ కనపడని కాలమ్ కాబట్టి అక్కడ ఏ అక్షరం ఉన్నా మాస్టారు ఏమీ అనరు.

‘శ్రీ’తో మొదలయ్యే పాత పుస్తకాలు మాత్రం మూడు పేజీలు. వాటిని ఏం చెయ్యాలో తోచక వదిలేశాను.

ఐదో శనివారం

లాప్‌టాప్‌ని వైఫైకి తగిలించి, తలుపు పక్కన క్యూఆర్ కోడ్ అంటించాం. రూమ్‌లోకి వచ్చినవాళ్లు ఫోన్లోనే వెతుక్కోవచ్చు. ఏ మాటలు వెతికారో మాత్రం ఒక టేబుల్‌లో రాసుకుంటున్నాను, ఎవరు వెతికారో కాదు. సాయంత్రానికి నలభై చిల్లర. ఎక్కువసార్లు వెతికింది గ్రూప్ 2 పుస్తకాలు. మా దగ్గర ఒక్కటీ లేదు. ‘కథలు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినవాళ్లు ఆరుగురు, వాళ్లందరికీ సున్నా వచ్చింది. వచ్చే నెల దాని సంగతి చూడాలి.

చివర్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ‘చాసో’ కొట్టింది. పెట్టె మీద 7 అని పెద్ద అంకె. నేరుగా వెళ్లి ఏడో బీరువా ముందు నిలబడి హ్యాండిల్ లాగింది. రాలేదు. మాస్టారు జేబులు తడుముకుని, చొక్కా జేబు, పాంటు జేబు, సంచీ, బల్ల సొరుగు చూశారు.

ఆ బీరువా తాళంచెవి పోయి రెండేళ్లయిందట. ఇన్నాళ్లూ ఏడో బీరువా పుస్తకం ఎవరైనా అడిగితే “బయటికెళ్లిందమ్మా” అని చెబుతూ వచ్చారట. తాళాలాయన మంగళవారం వస్తానన్నాడు.